పాట ఆయువు – పేరు ఆయువు
(మిట్టేమరి సీమ కీర్తనలు, తెలుగు గేయములు, అమెరికా జనప్రియ గీతములు)

పాటకు సంబంధించి రెండు ఆయువులు కలవు. ఒకటి పాట ఆయువు. రెండవది ఆ పాట కట్టినవాని పేరు ఆయువు. ఈ రెండును సమముగా సాగుట అరుదు. కొన్ని పాటలు నూర్ల ఏండ్లు బ్రదికి కర్తను మరచినవి. కొందరు కర్తల పేర్లు నిలిచి, వారి పాటల వరుసలు నశించినవి. మరికొన్నిచోట్ల పాట ఒకరిది, పేరు వేరొకరిది. ఇట్లు జరుగుటకు కారణమేమి, పేరును కాపాడుటకు మన పెద్దలు ఏయే ఉపాయములు పన్నిరి, పరదేశములందు ఆ పని ఏ విధముగా జరిగినది అను విషయములను వివరించుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది. ఇందుకు మిట్టేమరి సీమను ఆధారముగా గైకొనుట తగియున్నది. ఏలయన, పేరు నిలిచిన పాటయు పేరు లేని పాటయు ఒకే రచ్చబండ మీద వినవచ్చు సీమ ఇది.

మిట్టేమరి కర్ణాటక రాష్ట్రమున చిక్కబళ్ళాపుర జిల్లా బాగేపల్లి తాలూకాలోని ఒక హోబళికి ముఖ్యస్థానము. 2007వ సంవత్సరమున క్రొత్త జిల్లా ఏర్పడు వరకు ఈ ప్రాంతమంతయు కోలారు జిల్లాలోనిదై యుండెను. ఉత్తరమున ఆంధ్రప్రదేశము. చిక్కబళ్ళాపుర ప్రాంతపు కొండలలో పుట్టిన చిత్రావతి బాగేపల్లి మీదుగా పారి పుట్టపర్తి వైపునకు సాగును. నదికి ఎల్ల లేనట్లే ఈ సీమ పాటకును ఎల్ల లేదు. ఇచ్చటి పల్లెలలో పెక్కిండ్ల మాట తెలుగు. బడి మాట కన్నడము. పాట తెలుగున పుట్టును, కాని కాగితముపై కన్నడ లిపిలో ఎక్కును. ఈ స్థితి పాటకు కలిగించు మేలును కీడును వ్యాసాంతమున చెప్పబడును.

ముద్ర అను కాపుదల

ఈ సీమలో కర్త పేరుతో నిలిచిన పాటలలో ముఖ్యములు కైవారపు కీర్తనలు. కైవారము చింతామణి తాలూకాలోని గ్రామము. అచ్చటి నారాయణప్పను జనులు 'తాతయ్య' యని పిలుతురు. ఆయన 1726లో జన్మించి 1836లో సమాధి నొందిరనియు, నూటపది ఏండ్లు జీవించిరనియు సంప్రదాయము. గాజుల మలారము మోసి ఊరూర గాజులమ్మినవారు. పరదేశి స్వామి యను గురువు ఆయన నోట ఒక గులకరాయి నుంచి, అది కలకండ యగు వరకు నారాయణ మంత్రమును జపింపుమని ఆదేశించెననియు, కొండగుహలో తపస్సు చేయగా రాయి కలకండ యయ్యెననియు భక్తులు చెప్పుదురు. కథ యెట్లున్నను, అందొక సత్యము కలదు. నోటిలోని మాట సాధనచే తీపి యగుననుటయే పాట కట్టువాని చరిత్ర.

తాతయ్య తెలుగునను కన్నడమునను కీర్తనలు రచించిరి. 'అమర నారేయణ శతకము' వారి రచనలలో ప్రసిద్ధము. వారి కాలజ్ఞానమును జనులు నేటికిని చెప్పుకొనుచుందురు. అమర నారేయణుడు కైవారమున వెలసిన దేవుడు. ఆ దేవుని పేరే ఆయన ముద్ర.

ముద్ర యనగా నేమి? కీర్తన కడపటి చరణమున కర్త తన పేరునో, తన ఇష్టదైవము పేరునో కూర్చి యుంచు గుర్తు. క్షేత్రయ్యకు మువ్వ గోపాలుడు, అన్నమయ్యకు వేంకటేశ్వరుడు, త్యాగరాజునకు తన పేరే ముద్ర. మైసూరు వాసుదేవాచార్యులు (1865–1961) తెలుగు సంస్కృతములలో కృతులు రచించి 'వాసుదేవ' ముద్ర నుంచిరి. ఇది అలంకారము మాత్రమే కాదు. యుక్తితో కూడిన కాపుదల. ముద్ర తాళములో ఇమిడి యుండును. యతిప్రాసలతో ముడిపడి యుండును. దానిని తీసివేసినచో చరణము కుంటుపడును. కాగితముపై వ్రాసిన పేరు చినిగిపోవచ్చును, అట్టపై పేరు మార్చవచ్చును. పాట లోపల నల్లిన పేరును మాత్రము పాడువాడు తెలిసియో తెలియకయో మోసికొని పోవలసినదే. చదువురాని వానికిని కర్త పేరు ఈ విధముగా చేరును.

ఇందు మరియొక సూక్ష్మము గమనింపదగినది. గ్రంథ రూపము 'నారాయణ'. తాతయ్య ముద్ర 'నారేయణ'. శుద్ధపాఠమను పేరిట ఎవరైన దానిని దిద్దినచో, తప్పు దిద్దినట్లు కాదు, ముద్రను చెరిపినట్లగును. జనుల నోటి రూపమే ఇచ్చట కర్త చేవ్రాలు.

అయితే ముద్రకును ఒక లోపము కలదు. అది పేరును పోనీయదు, కాని పరుల రచన వచ్చి చేరుటను ఆపలేదు. ప్రసిద్ధమైన ముద్ర తేనెపట్టు వంటిది; ఎక్కడెక్కడి ఈగలో దానిని చేరును. ఇందుకు వేమన పద్యములే తార్కాణము. వేమన సమాధి యని జనులు కొలుచు కటారుపల్లె కదిరి దాపున నున్నది. అనగా బాగేపల్లి సీమకు పొరుగే. సి. పి. బ్రౌను 1829లో 693 పద్యములను ప్రకటించెను. 1839 నాటి కూర్పున అవి 1164 అయినవి. తరువాతి సంపుటములలో ఆ సంఖ్య ఇంకను పెరిగెను. మకుటము తెలిసిన ప్రతివాడును తన అనుభవమును వేమన పేర కట్టగలడు. కావున ముద్ర కనబడినంత మాత్రమున కర్తృత్వము రుజువు కాదు. భాష, భావము, వ్రాతప్రతుల కాలము, పాడువారి పరంపర అను నాలుగింటిని కూడ పరిశీలింపవలెను. కైవారపు కీర్తనల విషయమునను ఈ నియమము వర్తించును.

రేకుల మీది మాట, కంఠము మీది వరుస

రెండవ ఉపాయము లోహము. తాళ్ళపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలు రాగిరేకులపై చెక్కబడి తిరుమల ఆలయమునందలి చిన్న గదిలో దాచబడెను. 1922లో అవి వెలుగు చూచినవి. సంప్రదాయము చెప్పు ముప్పదిరెండు వేలలో పండ్రెండు వేలకు పైగా సంకీర్తనలు లభించినవి. చెదలు పట్టని రేకు మాటను కాపాడెను, కర్త పేరును కాపాడెను. కాని వరుసను కాపాడలేదు. ప్రతి పాటకును రాగము పేరు మాత్రము చెక్కబడి యున్నది, స్వరము లేదు. పాట దేహము దొరికినది, ఊపిరి దొరకలేదు.

ఈ లోటును పూరించుటకు పూనుకొనిన పండితులలో అగ్రగణ్యులు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు. అనంతపురము జిల్లా రాళ్ళపల్లిలో 1893లో జన్మించి, 1912 నుండి 1949 వరకు మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించిరి. ఉభయ భాషలలోను, సంగీతములోను సమానముగా ఆరితేరిన ఆయన తిరుపతి చేరి సంకీర్తనలను పరిష్కరించి, పెక్కింటికి స్వరములు కూర్చి ప్రకటించిరి. 1979 మార్చి 11వ తేదీన పరమపదించిరి. నేడు జనులు అన్నమయ్య పాట యని పాడుకొను వానిలో మాట పదునైదవ శతాబ్దిది. వరుస ఇరువదవ శతాబ్దిది. ఇది తెలియక, వినినదంతయు ప్రాచీనమని తలచుటయు పొరపాటే. వరుస క్రొత్తదని పాటను తక్కువ చేయుటయు పొరపాటే. పాటకు ఇద్దరు కర్తలు అని చెప్పుట న్యాయము.

త్యాగరాజస్వామి (1767–1847) కృతుల చరిత్ర దీనికి భిన్నము. వాలాజాపేట వేంకటరమణ భాగవతార్ మొదలగు శిష్యులు కృతులను వ్రాసియు ఉంచిరి, గొంతున నేర్చియు ఉంచిరి. వ్రాతయు శిష్యపరంపరయు కలిసినందున మాటయు వరుసయు చాలవరకు నిలిచినవి. అయినను ఆయన సమాధి మాత్రము పాడుబడి యుండెను. నంజనగూడులో 1878లో జన్మించిన బెంగుళూరు నాగరత్నమ్మ తన సంపాదనను వెచ్చించి తిరువయ్యారున సమాధిమందిరమును కట్టించి 1925లో ప్రతిష్ఠ జరిపించిరి. పాటను శిష్యులు నిలిపిరి. చోటును ఒక గాయని నిలిపెను. ముద్దుపళని రాధికా సాంత్వనమును 1910లో ఆ కవయిత్రి పేరుతో ప్రకటించి, నిషేధమునకు గురియైనదియు ఈ నాగరత్నమ్మయే.

రికార్డు మీది పేరు

ఇరువదవ శతాబ్దారంభమున పాటకు క్రొత్త వాహనము వచ్చినది. 1902 నవంబరులో గ్రామఫోను కంపెనీ తరపున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలను ముద్రించెను. పాట మూడు నిమిషములలో ముగియవలెను. పాట ముగియగానే ఆమె తన పేరును ఆంగ్లమున బిగ్గరగా ప్రకటించెడిది. ఇది ఆడంబరమని వినువారు తలచుట కలదు. కాని కారణము వేరు. ముద్రించిన మూలములు జర్మనీ దేశమున హానోవరునకు పోయి అచ్చట రికార్డులుగా తయారగును. అచ్చటి పనివారికి ఏ పాట ఎవరిదో తెలియదు. పేరు చెప్పినచో రికార్డు నడుమ చీటీపై సరియైన పేరు ముద్రింపగలరు. భజన గోష్ఠిలో ముద్ర చేసిన పనిని ఇచ్చట గాయని కంఠధ్వని చేసెను. ఆ గౌహర్ జాన్ 1928లో మైసూరు ఆస్థాన విదుషియై, 1930 జనవరిలో మైసూరులోనే కన్నుమూసెను.

అయితే ఈ ముద్ర పాడినవారిది, కట్టినవారిది కాదు. కర్త వెనుకకు పోయి గాయకుడు ముందునకు వచ్చుట అప్పటినుండి హెచ్చినది. తెలుగున ఇందుకు తగిన ఉదాహరణము 'మా తెలుగు తల్లికి' అను గేయము. దీనిని రచించినవారు శంకరంబాడి సుందరాచారి గారు (1914–1977). తిరుపతి వాస్తవ్యులు. 'దీనబంధు' (1942) చలనచిత్రము కొరకు ఈ పాట రచింపబడినది. టంగుటూరి సూర్యకుమారి కంఠమున రికార్డుగా వెలువడి ఊరూర వ్యాపించినది. తరువాత ఆంధ్రప్రదేశ్ రాష్ట్రగీతమైనది. బడులలో, సభలలో, సముద్రములు దాటిన తెలుగువారి సమావేశములలో అది వినబడని రోజు అరుదు.

సుందరాచారి గారు సుందర రామాయణము, సుందర భారతము అను కావ్యములు వ్రాసిరి. కావ్యములు చదివినవారు కొలదిమంది. పాట పాడినవారు కోట్లమంది. కాని పాడిన కోట్లమందిలో కర్త పేరు చెప్పగలవారు ఎందరు? ఇందులో ముద్ర లేదు. ఆధునిక గేయమున కర్త తన పేరు చెప్పుకొనుట సభ్యత కాదను భావము అప్పటికే స్థిరపడినది. పాట ఎవరిదియు కానట్టిదై అందరిదియు నైనది. ఇది పాటకు గొప్ప విజయము. కర్తకు మాత్రము లేమి. సూర్యకుమారి (1925–2005) పేరు దానితో నిలిచినది. ఆమె 1961లో న్యూయార్కు నగరమున రవీంద్రుని 'చీకటిగది రాజు' నాటకమున నటించి అచ్చటి విమర్శకుల పురస్కారము నందుకొని, పిదప లండనున స్థిరపడెను.

అమెరికా అనుభవము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో అచ్చు, చట్టము, రికార్డు మూడును మనకంటె ముందుగా పాటలోనికి వచ్చినవి. 1831 నాటికే అచ్చట సంగీత రచనకు హక్కు కల్పించు శాసనము కలదు. అయినను కర్తలు సుఖపడలేదు.

స్టీఫెన్ ఫాస్టర్ 1826లో జన్మించెను. 'ఓ! సుజానా' అను అతని పాట 1848లో వెలువడి దేశమంతయు మారుమ్రోగెను. అనుమతి లేని ముద్రణలు కోకొల్లలు. కర్తకు దక్కినది నూరు డాలర్లు. 1851లో 'ఓల్డ్ ఫోక్స్ ఎట్ హోమ్' వ్రాసి, కొంత సొమ్మునకు కర్తగా ఇ. పి. క్రిస్టీ యను నాటకమేళపు యజమాని పేరు వేయుటకు ఒప్పుకొనెను. అట్టి మేళములలో తెల్లవారు ముఖమునకు మసి పూసికొని నల్లవారిని పరిహసించుచు ఆడెడివారు. ఆ జాతి పాటలకు పేరు పెట్టుకొన్నచో తన గౌరవము తగ్గునని ఫాస్టర్ తొలుత శంకించెను. పాట ప్రసిద్ధి కెక్కిన పిమ్మట 1852లో తన పేరు తనకిమ్మని క్రిస్టీకి లేఖ వ్రాసెను, ఫలింపలేదు. 1864 జనవరిలో న్యూయార్కు ఆస్పత్రిలో మరణించునాటికి అతని సంచిలో నున్నవి 38 సెంట్లు. అమ్ముడుపోయిన పేరు తిరిగి కొనుటకు దొరకదనుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు.

రెండవ కథ హడ్డీ లెడ్‌బెటర్‌ది. లోకము అతనిని లెడ్‌బెల్లీ యని ఎరుగును. 1933లో జాన్ లోమాక్స్, ఆయన కుమారుడు ఎలన్ జానపద గీతములు సేకరించుచు లూయిసియానాలోని అంగోలా చెరసాలకు పోయిరి. అచ్చట ఈ ఖైదీ 'ఐరీన్' పాటను వినిపించెను. అది తన కుటుంబమున పెద్దల వలన నేర్చినది. దానికిని మునుపు, గస్సీ డేవిస్ అను నల్లజాతి రచయిత 1886లో అదే పల్లవి గల పాటను ప్రచురించి యుండెను. అనగా అచ్చులో పుట్టిన పాట నోటిలోనికి పోయి, రూపు మారి, తిరిగి రికార్డులోనికి వచ్చినది. లెడ్‌బెల్లీ 1949 డిసెంబరులో మరణించెను. మరుసటి ఏటనే వీవర్స్ అను బృందము పాడిన రికార్డు పదమూడు వారములు ప్రథమస్థానమున నిలిచెను. హక్కుపత్రములలో పాడిన లెడ్‌బెటర్ పేరు ప్రక్కన సేకరించిన లోమాక్స్ పేరును చేరినది. డేవిస్ పేరు చేరలేదు. సేకర్త పాటను కాపాడినమాట నిజము. కాపాడినవాడు కర్త యగునా యను ప్రశ్నయు నిజమే.

మూడవది కార్టర్ కుటుంబము కథ. 1927లో బ్రిస్టల్ పట్టణమున తొలి రికార్డులిచ్చిన ఈ కుటుంబమునకు పెద్ద ఎ. పి. కార్టర్. అతడు కొండపల్లెలు తిరిగి పాటలు సేకరించెడివాడు. వెంట లెస్లీ రిడిల్ అను నల్లజాతి గిటారు వాద్యగాడు పోయెడివాడు. కార్టర్ మాటలు వ్రాసికొనును. రిడిల్ వరుసను మనసున పట్టుకొనును. ఇంటికి వచ్చి రెండింటిని కలిపెడివారు. రికార్డుల మీద కార్టర్ పేరు కలదు. రిడిల్ పేరు లేదు. మాట పట్టినవాని పేరు నిలిచినది, వరుస పట్టినవాని పేరు నిలువలేదు.

నాలుగవది 'స్ట్రేంజ్ ఫ్రూట్'. నల్లవారిని మూకలు చెట్లకు ఉరివేయుటను నిరసించు ఈ గేయమును రచించినవాడు ఏబెల్ మీరోపోల్ అను న్యూయార్కు బడిపంతులు. ఇది 1937లో ఉపాధ్యాయుల పత్రికలో పద్యముగా వచ్చెను. 1939లో బిల్లీ హాలిడే పాడి రికార్డు చేసెను. ఆమె కంఠములోని వేదన ఎంతటిదనగా, ఆ పాట ఆమెదే యని లోకము నమ్మెను. 1956 నాటి ఆమె ఆత్మకథయు ఆ నమ్మకమును బలపరచెను. మీరోపోల్ తన పేరు నిలుపుకొనుటకు పలుమార్లు చెప్పుకొనవలసి వచ్చినది. పాడినవారిది ప్రాణము, వ్రాసినవారిది బీజము. ఒకరి పేరు చెప్పి రెండవవారిని విడుచుట సగము చరిత్ర చెప్పుటయే.

చట్టము చేయునది, చేయలేనిది

1914లో అమెరికాలో గీతకర్తల సంఘమేర్పడి, పాట పాడబడిన చోటులనుండి రుసుము రాబట్టు పద్ధతి వచ్చినది. భారతదేశమున 1957 నాటి గ్రంథస్వామ్య చట్టము కర్తకు హక్కు నిచ్చుచున్నది. 1992 సవరణ పిమ్మట ఆ హక్కు కర్త మరణించిన యేడు ముగిసినది మొదలు అరువది ఏండ్లు సాగును. అదే చట్టము 57వ విభాగము, కర్త తన హక్కును అమ్ముకొనినను, రచన తనదని చెప్పుకొనుటకు వీలు కల్పించుచున్నది. ఫాస్టర్‌కు లేకపోయిన రక్ష ఇదే. 2012 సవరణ చలనచిత్ర గీతములు వ్రాసినవారికిని వరుస కట్టినవారికిని రాబడిలో పాలు విడువరానిదని నిర్ణయించినది.

కాని చట్టమునకు పేరు తెలిసిన కర్త కావలెను. పేరు లేని పాటకు చట్టము దిక్కు చూపలేదు. మిట్టేమరి సీమలోని పాటలలో ఎక్కువ పాలు అట్టివే.

పేరు లేని పాట

పెండ్లిపాటలు, విసుర్రాయి పాటలు, కలుపు తీయునపుడు పాడు పాటలు, కోలాటము, చెక్కభజన, పండరిభజన: వీనికి కర్త ఎవరు? ఒకరు మొదట కట్టి యుందురు. తరువాత ప్రతి నోరును ఒక మాట చేర్చి యుండును. వీనికి పేరు లేకపోవుట పొరపాటు వలన కాదు, స్వభావము వలన. అయినను పేరు లేదని విలువ లేదనుట చెల్లదు. 1710లో మరణించిన సర్వాయి పాపని కథ తెలంగాణమున పుట్టి, నూటయరువది ఏండ్ల పిదపయు బళ్ళారి ప్రాంతపు పాటగాండ్ర నోట వినబడెను. జె. ఏ. బాయిల్ దానిని 1874లో 'ఇండియన్ ఆంటిక్వరీ' పత్రికలో ప్రకటించెను. నాటి దొరతనపు వ్రాతలు పాపని బందిపోటుగా చిత్రించినవి. పాట అతనిని వీరునిగా నిలిపెను. చరిత్రకారులు నేడు రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి పరిశీలించుచున్నారు. పాట లేనిచో ఒక పక్షపు సాక్ష్యమే మిగిలెడిది. ఆ పాట కట్టినవాని పేరు మాత్రము ఎవరికిని తెలియదు.

పనిపాటలు మరుగు పడుటకు కారణము స్పష్టము. విసుర్రాయి త్రిప్పు చేతి వేగమే ఆ పాటకు తాళము. రాగులు విసరుటకు విద్యుచ్ఛక్తి మిల్లు వచ్చిన పిమ్మట చేయి ఆగెను. చేయి ఆగగా తాళము పోయెను. తాళము పోగా పాడు సందర్భమే లేకపోయెను. భజనపాట అట్లు కాదు. దానికి తిథి కలదు, గుడి కలదు, గోష్ఠి కలదు. కైవారమున గురుపూర్ణిమకు జనులు కూడుదురు గనుక కీర్తన ఏటేట నోట పడును. పాట నిలుచుటకు మాధుర్యము చాలదు. అది పాడవలసిన రోజు ఒకటి ఉండవలెను.

వాద్యము విషయమును ఇట్టిదే. 2023లో పద్మశ్రీ పురస్కారము అందుకొనిన పిండిపాపనహళ్ళి మునివెంకటప్ప గారు ఈ చిక్కబళ్ళాపుర జిల్లా తమటె వాద్యకారులు. తరతరములుగా తమటె వాయించినవారి పేర్లు పెండ్లిపత్రికలోనైనను ఎక్కలేదు. ఊరేగింపు ముగియగానే వారు మరుగైరి. ఒక వాద్యకారుని పేరు దేశపు పురస్కారపట్టికలో చేరుట పెక్కుతరముల మౌనమునకు సమాధానము.

ఇక లిపి విషయము. ఈ సీమ తెలుగు పాటలు కన్నడ లిపిలో వ్రాయబడుట వలన మేలు గొప్పది. తెలుగు లిపి రాని పిల్లలకును తాతయ్య కీర్తన అందుచున్నది. లిపి భిన్నమైనంత మాత్రమున భాష భిన్నము కాదు. కాని కొన్ని ధ్వనులు జారుచున్నవి. తెలుగున 'చాప', 'జాము' అను మాటల మొదటి అక్షరమును దంతములకు నాలుక తాకించి పలుకుదురు. తెలుగు వ్యాకరణములు ఈ ధ్వనులకు వేరు గుర్తులు చూపినవి. కన్నడ లిపిలో అవి లేవు. ఇంట తెలుగు వినినవాడు సరిగనే పలుకును. వినని తరము కాగితమునే నమ్మి పలుకును. అప్పుడు మాట ఉండును, పలుకు మారును. కావున ఇట్టి ముద్రణములలో ఒక చిన్న గుర్తుతో నైనను ఆ ధ్వనిని సూచించుట అవసరము. పాటను కంఠధ్వనితో సహా భద్రపరచుట అంతకంటె అవసరము.

సేకరణమున పాటింపదగినవి

బిరుదురాజు రామరాజు గారి 'తెలుగు జానపద గేయ సాహిత్యము' 1958లో వెలువడినది మొదలు తెలుగున ఈ శాస్త్రమునకు దారి ఏర్పడినది. మైసూరున తెలుగు బోధించిన ఆర్వీయస్ సుందరము గారి 'ఆంధ్రుల జానపద విజ్ఞానము' ఆ దారిని విశాలము చేసినది. వారి బాటను, పైన చెప్పిన కథలను కలిపి చూచినచో సరిహద్దు సీమలో పాట సేకరించువారికి కొన్ని నియమములు తేలుచున్నవి.

మాటను మాత్రమే వ్రాసికొని తృప్తి చెందరాదు. అన్నమయ్య రేకులలో లోపించినది వరుసయే. నేడు చేతిలోని ఫోను సైతము వరుసను పట్టగలదు. పాడినవారి సమ్మతితో వారి పేరు, ఊరు, తేది, ఎవరివద్ద నేర్చిరను సంగతి వ్రాయవలెను. లెస్లీ రిడిల్‌కు జరిగినది మరొకరికి జరుగరాదు. సేకరించినవాడు సేకర్తగానే పేరు వేసికొనవలెను, కర్తగా కాదు. ఐరీన్ పాట నేర్పు పాఠమిది. ముద్రను దిద్దరాదు, నారేయణను నారాయణగా మార్చరాదు. పాఠభేదములు దొరికినచో ఒకదానిని తప్పని త్రోసివేయక అన్నిటిని చూపవలెను. బ్రౌను కాలము నుండి వేమనకు జరిగిన పరిశీలనము అంతయు పాఠభేదముల వలననే సాధ్యమైనది. పాట ఏ పనిలో, ఏ పండుగలో పాడుదురో తప్పక తెలుపవలెను. సందర్భము పోయిన పాట వేరు తెగిన తీగ వంటిది.

పేరు నిలుపుట కర్తకు చేయు ఉపకారము మాత్రమే కాదు. గాజులమ్మిన యోగి, బడిపంతులు, చెరసాలలోని ఖైదీ, తమటె వాద్యకారుడు: పాట ఎచ్చటనుండి వచ్చునో ఈ పేర్లే తెలుపుచున్నవి. అవి చెరిగినచో, పాట యెప్పుడును పండితుల ఇండ్లలోనే పుట్టినదను అపోహ మిగులును. మిట్టేమరి సీమ పల్లెలలో నేటికిని విసుర్రాయి పాట ఎరిగిన వృద్ధురాండ్రు ఉన్నారు. వారు ఉన్నపుడే, వారి కంఠముతో, వారి పేరుతో ఆ పాటలు భద్రపరచుట తెలుగు సంఘములు వెంటనే చేపట్టదగిన పని.